సంతకము చేయని కుమ్మరి: కవాయ్ కంజిరో

మన సంఘపు కార్యదర్శిగారు ఈ సంచికకై ఒక ప్రసిద్ధ పురుషుని జీవితమును గూర్చి వ్రాయుమని నన్ను కోరినప్పుడు వారి మనస్సులో ఏ కవియో, ఏ దేశభక్తుడో మెదలియుండును. అట్టివారిని గూర్చి నాకంటె చక్కగా వ్రాయగలవారు మనలో పలువురు కలరు. నేను ఒక కుమ్మరిని ఎన్నుకొంటిని. ఆయన తెలుగువాడు కాడు, భారతీయుడును కాడు. జపాను దేశమున క్యోటో నగరమునందు నివసించి 1966లో గతించిన కవాయ్ కంజిరో. జపానులోను మనవలెనే ఇంటిపేరు ముందు వచ్చును. కవాయ్ ఇంటిపేరు, కంజిరో పెట్టినపేరు.

ఈ ఎన్నికకు కారణము మా వంటయింటిలోని ఒక ఊరగాయ జాడీ. మెడభాగము గోధుమవన్నె, క్రిందిభాగము మీగడ తెలుపు. మా అమ్మగారు కాపురమునకు వచ్చునపుడు తెచ్చుకొన్నది. నా బదిలీలతోపాటు ఊరూరు తిరిగి, ఒక లారీ ప్రయాణమున మూత పగులగొట్టుకొని, తుదకు సూరతులోని పర్వత్ పాటియా చేరినది. మా గుజరాతీ పొరుగువారు దానిని బరణీ అందురు. ఒక వేసవిలో క్రొత్త ఆవకాయకై దానిని కడిగి బోర్లించినప్పుడు, చేసినవాని పేరేమైన ఉన్నదేమో యని అడుగున చూచితిని. లేదు. ప్రక్కనున్న స్టీలు గిన్నెలన్నిటిమీద పేర్లున్నవి. అవి చేసినవారి పేర్లు కావు, పెండ్లిలో చదివించినవారి పేర్లు.

ఉదయము మొదలు సాయంత్రము వఱకు కాగితములమీద సంతకములు చేయుటయే వృత్తిగా గల నాకు ఈ విషయము కొంత వింతగా తోచెను. నా సంతకము లేనిదే కదలని కాగితములు కొన్ని కలవు; పదియేండ్లు గడచిన పిదప వానితో ఎవరికిని పని యుండదు. పేరులేని ఈ జాడీ మాత్రము అరువదియేండ్లుగా ఒక కుటుంబమునకు ఊరగాయ నిలువచేయుచున్నది. కవాయ్ కంజిరో జీవితమును చదివినప్పుడు నన్ను పట్టుకొన్నది ఈ యంశమే. పేరు సంపాదించి, ఆ పేరును తన పాత్రల అడుగుననుండి తానే తొలగించిన మనుష్యుడాయన.

కంజిరో 1890 ఆగష్టు 24వ తేదీన షిమానే మండలమున, జపాను సముద్రపు వైపునున్న యాసుగి పట్టణమున ఒక వడ్రంగి ఇంట జన్మించెను. కొండలలో కరగించిన ఇనుము ఓడలకెక్కెడి రేవది. ఆ యూరికి మఱియొక ప్రసిద్ధియు కలదు. బురదలోని చిన్న చేపలను బుట్టతో పట్టువాని తిప్పలను అభినయించు ఒక హాస్యనృత్యము, దానికి తగిన జానపద గానము ఆ ప్రాంతమునవే. గంభీరమైన పాత్రపై ఉన్నట్టుండి ఒక కొంటెతనము చూపు గుణము ఈ కుమ్మరికి ఎక్కడినుండి వచ్చినదని నన్నడిగినచో ఆ బుట్టవైపు చూపుదును. ఇది నా ఊహ మాత్రమే.

ఆయన కులవృత్తిగా కుమ్మరి కాలేదు. 1910లో టోకియోలోని ఉన్నత సాంకేతిక పాఠశాలలో చేరి పింగాణి శాఖలో చదివి 1914లో పట్టము పొందెను. వెంటనే క్యోటో పురపాలక సంఘపు పింగాణి పరిశోధనాలయమున ఉద్యోగము దొరకెను. అనగా మొదట ఆయనయు మనవంటి ఉద్యోగియే. రెండేండ్లకు అదే పాఠశాలనుండి నాలుగేండ్లు చిన్నవాడైన హమద షోజి వచ్చి చేరెను. వీరిరువురి స్నేహము జీవితాంతము నిలిచినది. ఇరువురును కలసి గాజుపూతలమీద వేలకొలది ప్రయోగములు చేసిరి. పదివేల వఱకు చేసిరని చెప్పుదురు.

గాజుపూత యనగా జాడీమీద మెఱయుచుండెడి నున్నని పొర. బూడిదను, కొన్ని జాతుల ఱాళ్ల పొడిని నీటిలో కలిపి పాత్రపై పోసి కాల్చినచో ఆ పొడి కరగి గాజై పాత్రకు అంటుకొనును. దానిలో ఇనుము కలిపినచో గోధుమవన్నె మొదలు కాఱునలుపు వఱకు వచ్చును. రాగి విచిత్రమైనది. కొలిమిలో గాలి ధారాళముగా ఆడినచో పచ్చబడును. గాలి తగ్గించి పొగ నిలిపినచో అదే రాగి రక్తవర్ణము దాల్చును. ఒక్క ఘడియ ఆలస్యమైనను రంగు మాసిపోవును. కవాయ్‌కు ఈ రాగి యెఱుపుమీద జీవితమంతయు మోజు తీరలేదు. నీలమునకై ఆయన వాడినది మచ్చలేని నీలి కాదు. ఇనుము మున్నగు మలినములు కలసిన కోబాల్టు మన్ను. దానివలన వచ్చు నీలము వానకు ముందటి మబ్బువలె నుండును. నేను ఛాయాచిత్రములందే చూచితిని; ఎదుట చూచిన భాగ్యము లేదు.

ఇచ్చట మన దేశమునకు సంబంధించిన ఒక ముచ్చట. ఢిల్లీలో పనిచేసిన సోదరులు అచటి నీలి పలకలను, నీలి కూజాలను చూచియుందురు. స్వతంత్ర భారతమున ఆ పనికి ప్రసిద్ధి తెచ్చి 1952లో ఢిల్లీలో తన కుమ్మరిశాలను నెలకొల్పిన సర్దార్ గురుచరణ్ సింగ్ యువకుడుగా నున్నప్పుడు జపాను పోయి అచట ఈ విద్య నేర్చెను. కవాయ్, హమదలు తిరుగుచుండిన కళాకారుల బృందముతో ఆయనకు పరిచయము కలిగినది. ఆయన 1995 వఱకు జీవించెను.

1920లో కంజిరో క్యోటోలోని గోజోజాకా వీధిలో ఒక పెద్ద కొలిమిని కొనెను. అది అంతకుముందు కియోమిజు రోకుబెయ్ అను వంశమువారిది. మన పల్లెల ఆవము వంటిది కాదది. మన కుమ్మరులు కుండలు పేర్చి, పిడకలు, గడ్డి కప్పి నిప్పు పెట్టుదురు. కవాయ్ కొలిమి వాలుమీద మెట్లుమెట్లుగా కట్టిన ఎనిమిది గదుల వరుస. అడుగున రాజవేసిన మంట మొదటి గదిని కాల్చి, ఆ వేడిమి పై గదికి, అటనుండి ఆ పైదానికి పాకును. ఏ గదికాగది ప్రక్క రంధ్రమునుండి కట్టెలు అందింపవలెను. వేడిమి సుమారు 1,300 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పోవును. రేయింబవళ్లు కావలి యుండవలెను. అన్ని గదులు ఒక్కడే నింపలేడు గనుక ఇరుగుపొరుగు కుమ్మరులును తమ సామానును అందులో పెట్టుకొనెడివారు. ఎవరి పాత్ర ఎట్లు వచ్చునో తలుపు తీయువఱకు తెలియదు.

మఱుసటి సంవత్సరమే, 1921లో, టోకియోలోని తకాషిమయా వస్త్రవాణిజ్యశాలలో ఆయన తొలి ప్రదర్శన జరిగెను. సూరతువారికి తకాషిమయాను పరిచయము చేయుట సులభము. అది బట్టల అంగడిగా పుట్టి మహావిపణిగా పెరిగినది. ప్రదర్శనమున నుంచినవి ప్రాచీన చీనా, కొరియా పాత్రల రీతిని అనుసరించినవి. ఆ రంగులను తిరిగి సాధించుట అసాధ్యమని యనుకొన్నవారికి ఈ ముప్పదియేండ్ల యువకుడు వానిని సాధించి చూపెను. పండితులు మెచ్చిరి, పత్రికలు పొగడినవి, పాత్రలు అమ్ముడుపోయినవి. తకాషిమయాలో ఆయన ప్రదర్శనల బాధ్యత వహించిన కవాకత్సు కెన్ఇచి ఆ దినమునుండి ఆయనకు ఆప్తుడయ్యెను. మఱియొకడైనచో ఈ బాటను జీవితాంతము విడువడు.

అదే సమయమున టోకియోలో మఱియొక ప్రదర్శన జరుగుచుండెను. యానగి సోయెట్సు అను తత్త్వశాస్త్రజ్ఞుడు కొరియా దేశపు సామాన్యుల పాత్రలను ప్రదర్శించెను. చేసినవాడెవడో తెలియదు, రాజుకొఱకు చేసినవి కావు, కొన్ని వంకరవి. కంజిరో పోయి చూచెను. తన పాత్రలలో నేర్పు కలదు, వీనిలో ప్రాణము కలదు అను భావము ఆయనకు అక్కడ కలిగినది. ఇంతలో ఆ యానగియే కవాయ్ పనిని ప్రాచీనుల అనుకరణముగా విమర్శించెను. తన మనస్సులోని అనుమానమునే పైవాడు పైకి అన్నప్పుడు మనిషికి కోపము హెచ్చుగా వచ్చును. ఇరువురికిని కొంతకాలము పొసగలేదు.

1923 సెప్టెంబరులో టోకియో ప్రాంతమును మహాభూకంపము నాశనము చేసెను. యానగి ఇల్లు మార్చి 1924లో క్యోటోకు వచ్చెను. అదే యేట హమద ఇంగ్లండునుండి తిరిగివచ్చి కవాయ్ ఇంట బసచేసెను. అతడు బెర్నార్డ్ లీచ్ అను ఆంగ్ల మిత్రునితో కలసి 1920లో సెయింట్ ఐవ్స్ పట్టణమునకు పోయి కుమ్మరిశాల స్థాపించి వచ్చుచున్నవాడు. అతని పెట్టెలలో ఇంగ్లండు పల్లెలవారు పొయ్యిలో పెట్టి వండుకొనెడి పాత పళ్లెములు కొన్ని యుండెను. ఎఱ్ఱమట్టి పళ్లెముమీద పలుచని తెల్లమట్టిని ధారగా విడిచి గీతలు గీసినవి. మన ఇండ్లలో ముగ్గు వేయు చేతికి, ఇచట గుజరాతీ స్త్రీలు గోరింటాకు శంఖువుతో అరచేతిమీద గీయు తీగలకు ఆ పని దగ్గఱ చుట్టము. కంజిరో ఆ పళ్లెములను చేతబట్టుకొని చూచెను. గొప్ప పనియని ఎవరును చెప్పకున్నను గొప్పగా నున్న పని!

హమద ఊరకుండక మిత్రుని వెంటబెట్టుకొని యానగి ఇంటికి పోయెను. అక్కడ మొకుజికి అను పాతకాలపు సంచార సన్న్యాసి చెక్కిన ఒక కొయ్య విగ్రహముండెను. ఊరూరు తిరుగుచు, దొరికిన కొయ్యను ఉలితో మొఱటుగా చెక్కి, నవ్వుమొగములను పల్లెలకు ఇచ్చి పోయిన సన్న్యాసి యతడు. లోకము మఱచిన ఆతని శిల్పములను యానగి అప్పుడే వెలికిదీసియుండెను. ఆ విగ్రహమును చూచి కంజిరో చలించిపోయెను. పాత కలహము అచ్చటనే ముగిసినదని వారి చరిత్రకారులు వ్రాయుదురు.

అప్పటినుండి ఆయన పని మాఱినది. కొన్ని యేండ్లు ప్రదర్శనలు ఆపివేసెను. చీనా చక్రవర్తుల పూలకుండీలను విడిచి, అన్నము తిను గిన్నెలు, తేనీటి కప్పులు, పళ్లెములు, మూతపెట్టెలు, మద్యము పోయు సీసాలు చేయసాగెను. పేరు వ్రాయుట మానెను. తొలినాటి పాత్రల అడుగున ముద్ర యుండెడిది. ఈ కాలమునుండి అది లేదు. ఎందుకని యడిగినవారికి ఆయన చెప్పిన సమాధానపు సారము, పనియే తన ఆనవాలు, దానికి వేఱు గుర్తు అక్కఱలేదని.

1925 చివర యానగి, హమద, కవాయ్ కలసి ప్రయాణము చేయుచు ఒక క్రొత్త మాటను కూర్చిరి. అది మింగెయ్. మిన్ యనగా ప్రజలు, గెయ్ యనగా కళ. ఊరు పేరు లేని చేతిపనివారు నిత్యోపయోగమునకై చేసిన వస్తువులందు అందమున్నదని లోకమునకు చెప్పుటకు వారికి ఒక పేరు కావలసివచ్చెను. 1936లో టోకియోలో మింగెయ్ సంగ్రహాలయము వెలసెను. దానికి లక్ష యెన్లు విరాళమిచ్చినవాడు కురాషికి నూలుమిల్లుల అధిపతి ఓహరా మగోసబురో. యంత్రపు నూలు సంపాదించిన ధనమున చేనేత గుడ్డలకు, చేతి కుండలకు భవనము లేచినది. సూరతులో నివసించు మనకు ఇందలి చమత్కారమును విప్పి చెప్పనక్కఱలేదు.

ఆయన పాత్రలను గూర్చి కొంచెము చెప్పవలెను. జపానువారు అన్నపు గిన్నెను నేలమీదనో బల్లమీదనో ఉంచి తినరు; ఎడమచేత ఎత్తి పట్టుకొని తిందురు. కప్పునకు పిడి యుండదు, రెండు చేతులతో పట్టుదురు. కనుక అక్కడ పాత్రను కన్నుకంటె ముందు అరచేయి పరీక్షించును. బరువెంత, అంచు పెదవికి ఎట్లు తగులును, వేడి ఎంతవఱకు ఆగును అనునవి అందలి ప్రశ్నలు. కవాయ్ పాత్రలు తూకముగా నుండును. అడుగున దిట్టమైన పీట యుండును. కొన్ని సీసాలు గుండ్రముగా కాక రెండువైపుల అదిమినట్లుండును, కొన్ని పలకలు దేఱియుండును. సారెమీద గుండ్రని రూపమే వచ్చును గనుక వీనిని అచ్చులలో అదిమి చేసెడివాడు. చేతిపనివానికి అచ్చులేమిటని ముక్కు విఱచినవారిని ఆయన లెక్కచేయలేదు.

వానిమీది బొమ్మలు మఱియు ముచ్చటైనవి. పూవు అని చెప్పుటకు తగినంత పూవు మాత్రమే, రెండు మూడు గీతలలో. కొన్నిచోట్ల పూవును పట్టుకొన్న ఒక చేయి. వయసు అరువదికి చేరిన పిదప ఈ ఆట మఱింత హెచ్చినది. ఎఱుపు, ఆకుపచ్చ, గోధుమ గాజుపూతలను కుంచెలో ముంచి పాత్రమీదికి విదల్చెడివాడు. హోళీనాడు మన మేడమీదినుండి పిల్లలు రంగు చల్లినట్లు! చూచిన మొదటి క్షణమున ఇది అజాగ్రత్తయా యనిపించును. రెండవసారి చూచినప్పుడు ఏ చుక్కను తీసివేసినను పాత్ర బోసిపోవునని తెలియును. పరిశోధనాలయమున వేలకొలది ప్రయోగములు చేసిన చేయి కాకున్నచో ఆ విదలింపు అట్లు పడదు.

1934 నాటి పెనుతుపానులో ఆయన ఇల్లు చెడిపోయెను. 1937లో క్రొత్త ఇంటిని తానే రూపకల్పన చేయగా, వడ్రంగియైన అన్నగారు స్వగ్రామమునుండి పనివారితో వచ్చి కట్టెను. పల్లెటూరి రైతు ఇంటి పోలికలో నల్లని దూలములు, నడుమ నేలలో పొయ్యి, చుట్టును కొయ్య కుర్చీలు. గృహప్రవేశమునకు ఏమి కానుక ఈయవలెనని స్వగ్రామపు మిత్రులు అడుగగా, ఆయన మొదట ఱాతిదీపస్తంభము కోరి, తరువాత మనసు మార్చుకొని గుండ్రని ఱాయి నొకదానిని అడిగెనట. వచ్చినది పెద్ద గుండ్రాయి. దానిని పెరటిలో ఇటునుండి అటు దొర్లించి, ఎక్కడ ఉంచినచో పెరడు ఎట్లు మాఱునో చూచుచు ఆనందించెడివాడు. నలుబదియేడేండ్ల గృహస్థుడు, కుమ్మరులలో అగ్రగణ్యుడు, పెరటిలో ఱాయి దొర్లించుట మన ఇండ్లలోనైనచో ఆడవారు ఏమందురో!

ఆ 1937లోనే పారిసు అంతర్జాతీయ ప్రదర్శనమున ఆయన జాడీకి మహా బహుమానము వచ్చెను. పూల బొమ్మ గల పెద్ద జాడీ యది. దానిని పోటీకి పంపినవాడు కవాయ్ కాడు. మిత్రుడు కవాకత్సు తన యొద్దనున్న దానిని ఆయనకు చెప్పకయే పంపెను. ఇరువదియేండ్లకు, 1957లో, ఇటలీ దేశపు మిలాను ప్రదర్శనమునను ఇట్లే జరిగినది. ఈసారి అదిమిన సీసా, మరల మహా బహుమానము, మరల కవాకత్సుయే. నేటి క్యోటో జాతీయ ఆధునిక కళాసంగ్రహాలయమున కవాయ్ పాత్రలు నాలుగు వందలకు పైగా నుండుట ఈ మిత్రుని చలువయే.

నడుమ యుద్ధము వచ్చెను. కట్టెలు కఱవై కొలిమి చల్లారెను. కాల్చుట లేని దినములందు ఆయన కూర్చుండి వ్రాసికొనెను. తక్కిన నగరములవలె క్యోటోయు బూడిదయగునని అందఱు తలంచుచుండిరి. సాయంకాలములందు కొండయెక్కి, రేపు ఉండునో ఉండదో తెలియని ఊరును చూచివచ్చెడివాడు. ఒకనాడు అచ్చట పురుగులు చెట్టు ఆకులను తినివేయుచుండుట కనబడెను. చూడగా చూడగా, పురుగు ఆకును తినుచున్నదనుట సగము మాటయే, ఆకు పురుగును పోషించుచున్నదనుట మిగిలిన సగము అని తోచి మనసు నెమ్మదించినదని ఆయన తరువాత వ్రాసికొన్నాడు. బాంబుల భయమున నున్న మనిషికి ఇది ఊఱట యెట్లు అయినదో నాకు పూర్తిగా బోధపడలేదు. క్యోటో మాత్రము మిగిలినది.

ఇక 1955. మన పద్మ పురస్కారములు 1954లో మొదలైనవని ఈ సంచిక పాఠకులకు తెలియును. జపాను ప్రభుత్వమును ఆ కాలముననే చేతిపనుల నిపుణులను గుర్తించి, సజీవ జాతీయ నిధులని జనులు పిలుచు గౌరవమును 1955లో ఈయనారంభించెను. మొదటి జాబితాలోనే హమద షోజి పేరు కలదు, ఆయన స్వీకరించెను. కవాయ్ కంజిరో స్వీకరింపలేదు. సంస్కృతి పతకమును వలదనెను. కళాపరిషత్తు సభ్యత్వమును వలదనెను. భోజనపాత్రలకు పేరుపడ్డ కితావోజి రొసాంజిన్ కూడ ఆ సజీవ నిధి గౌరవమును నిరాకరించెను; ఆయన స్వభావము వేఱు, అహంకారి యని పేరు. కవాయ్ నిరాకరణమున గర్జన లేదు. తానొక కుమ్మరిగా నుండిన చాలునని మాత్రమే ఆయన భావము. పురస్కారపు దస్త్రము ఎన్ని బల్లలమీదుగా నడచునో ఎఱిగినవాడను గనుక, ఆ కాగితములను సిద్ధము చేసిన జపాను గుమాస్తాలను తలచుకొని నాకు కొంత జాలి కలిగినది. హమద అంగీకరించుటచే తక్కువవాడు కాలేదు. ఆయనయు తన పాత్రలపై పేరు వ్రాయుట మానినవాడే.

ఈ వృత్తాంతమును నేను మా వీధిలోని ఒక పెద్దాయనకు చెప్పితిని. వరంగల్లు వైపు పల్లెనుండి చిన్ననాడే సూరతు వచ్చిన పద్మశాలి ఆయన. చేమగ్గము తండ్రితోనే పోయినది. ఆయన జీవితము మరమగ్గముల నడుమ గడచినది. శాంతముగా విని, ఆయన ఒక ప్రశ్న వేసెను. నలుబదియేండ్లలో తాను నేసిన గుడ్డ భూమిని ఎన్నిసార్లు చుట్టునో తెలియదు, ఒక్క గజముమీదనైన తన పేరు లేదు, ఉన్నది వ్యాపారి చీటీ. ఆ కుమ్మరికి పేరు ముందే యున్నది గనుక వలదనగలిగెను, లేనివాడు వలదనుట యెట్లు? నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఇంటికి వచ్చి మరల చదివితిని. పెద్దాయన మాట సత్యము. అంతేకాదు, కవాయ్ పాత్రలకు అడుగున పేరు లేకున్నను, వానిని ఉంచెడి కొయ్యపెట్టె మూతమీద ఆయన చేవ్రాలు ఉండెడిది. జపానులో అది వాడుక, కొనువారు కోరుదురు. అవి తకాషిమయాలో అమ్మబడినవి, పల్లె సంతలో కాదు. పేరులేని పనివారిని పూజించిన ఉద్యమమును లోకము ముగ్గురు నలుగురు పేరుగలవారి మూలముననే ఎఱుగును. ఈ విరోధము కంజిరోకు తెలియదని నేననుకొనను. తన చుట్టునున్న కొయ్యపనివాడు, మట్టి పిసుకువాడు, మంటవేయువాడు, చివరకు అగ్నియు కలిసినగాని పాత్ర కాదని, తాను ఒంటిగా పనిచేయుట లేదని పలుమార్లు వ్రాసినాడు. అడుగున ఒక్క పేరు వ్రాయుట ఆయనకు ఒక విధమైన అబద్ధముగా తోచియుండును. పెట్టెమీద వ్రాయుట వ్యాపారపు మర్యాదగా సహించియుండును. ఇది నా యభిప్రాయము.

పెద్దాయనకు మఱునాడు చెప్పదగిన సంగతి యొకటి మాత్రము దొరకినది. చేతిపనిని మెచ్చిన ఈ కుమ్మరి యంత్రమును ద్వేషింపలేదు. యంత్రము మనిషికి క్రొత్తగా మొలచిన శరీరమని ఆయన తలంచెను. యానగికి అంత నమ్మకము లేదు. మరమగ్గము తన రెండవ చేయి యని ఒక జపాను కుమ్మరి ఒప్పుకొనునని వినగానే పెద్దాయన నవ్వి, అయినచో ఆ రెండవ చేతికి కరెంటు బిల్లు ఎవరు కట్టుదురని యడిగెను.

చివరి పదునైదేండ్లు కంజిరో కొయ్య చెక్కెను. ముసుగుమొగములు, పిల్లులు, చేతులు. ఆకాశమువైపు వ్రేలు చూపు చేయి యొకటి మిక్కిలి ప్రసిద్ధము. వెదురుతో ఆసనములు, ఇత్తడితో పొగగొట్టములు రూపకల్పన చేసెను. 1966 నవంబరు 18న క్యోటోలో మరణించెను, వయసు డెబ్బదియాఱు. 1971 ప్రాంతమున క్యోటో నగరపు పొగ నిబంధనలవలన గోజోజాకాలో కట్టెల కొలిములు ఆగిపోయినవి. ఎనిమిది గదుల కొలిమి అప్పటినుండి కాలలేదు.

1973లో కుటుంబమువారు ఇంటిని సంగ్రహాలయముగా తెఱచిరి. పెరటిలో గుండ్రాయి కలదు, వెనుక కొలిమి కలదు. పాత్రలలో చాలభాగము అద్దాల వెనుక కాక ఇంటి సామానుగనే అల్మరలమీద, బల్లలమీద నున్నవి. ఆయన కొయ్య కుర్చీలందు వచ్చినవారు కూర్చుండవచ్చును.